డబ్లిన్ ఊరేగింపు, కటవారియా సరాయ్ ఉగాది: వారసత్వ గర్వానికి వలస పెట్టే పరీక్ష

న్యూఢిల్లీ, మార్చి 16: ఈ ఏడాది మన పంచాంగం, ఆంగ్ల కాలెండరు కలిసి రెండు పండుగలను పక్కపక్కన నిలిపాయి. మంగళవారం, మార్చి 17న ఐర్లాండ్ జాతీయ పర్వదినమైన సెయింట్ పాట్రిక్స్ డే. ఆ తరువాత రెండు రోజులకే, గురువారం నాడు, పరాభవ నామ సంవత్సర ఉగాది. దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో అద్దె గదులలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు రెండవది ఇంటి పండుగ. మొదటిదానితో వారికి పనేమిటని అడగవచ్చు. డబ్లిన్‌లో ఉన్నత విద్యకు దరఖాస్తు పెట్టుకున్నవారు ఆ గదులలోనే ఉన్నారు. గత ఏడాది జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ భారతీయులపై దాడులు జరిగిన వార్తలు వచ్చినప్పుడు, ఆ దరఖాస్తులు పెట్టిన ఇళ్లలోనూ ఆందోళన మొదలైంది.

కటవారియా సరాయ్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. ఐఐటీ ప్రాంగణానికి, కుతుబ్ సంస్థాగత ప్రాంతానికి నడుమ, షహీద్ జీత్ సింగ్ మార్గ్ పక్కన ఇమిడి ఉన్న పాత పల్లె ఇది. నగరం పెరిగి చుట్టూ కమ్ముకున్నా ఇరుకు వీధులు అలాగే మిగిలాయి. వాటి మీద నాలుగంతస్తుల మేడలు, ప్రతి మేడలో అగ్గిపెట్టెల వంటి గదులు, గోడల నిండా గేట్ పరీక్ష, ఇంజినీరింగ్ సర్వీసుల శిక్షణ ప్రకటనలు. సరాయ్ అంటే సత్రం. బాటసారులు రాత్రి తలదాచుకొని తెల్లవారి సాగిపోయే చోటు. పేరు వచ్చిన కాలం మారినా ఊరి వృత్తి మారలేదు. నేటికీ ఇక్కడ ఎక్కువమంది కొన్నాళ్లుండి వెళ్లిపోయేవారే.

ఇక్కడి నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో, చాణక్యపురి దౌత్య ప్రాంతంలో, ఈమన్ డి వలేరా పేరు మీద ఒక మార్గం ఉంది. ఆ పేరు ఎవరిదో ఆ దారిన వెళ్లే వాహనదారులలో ఎందరికి తెలుసో చెప్పలేము. కానీ సెయింట్ పాట్రిక్స్ డేకు, భారతీయులకు ఉన్న బంధం కథ ఆ పేరుతోనే మొదలవుతుంది.

పరాయి నేలపై పుట్టిన ఊరేగింపు

పచ్చని దుస్తులు, మూడాకుల షామ్‌రాక్, వీధుల్లో బ్యాండు మేళాలు. ప్రపంచం ఎరిగిన సెయింట్ పాట్రిక్స్ డే రూపం ఇది. ఈ రూపం ఐర్లాండ్‌లో పుట్టలేదన్నది గమనించవలసిన విషయం. న్యూయార్క్‌లో 1762లోనే ఐరిష్ మూలాలున్న సైనికులు ఈ రోజున ఊరేగింపు తీశారు. అప్పటికి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు ఇంకా పద్నాలుగేళ్లు ఉంది. ఐర్లాండ్‌లో ఈ రోజు అధికారిక సెలవు దినమైంది 1903లో. స్వతంత్ర ఐరిష్ ప్రభుత్వం డబ్లిన్‌లో తొలి అధికారిక కవాతు జరిపింది 1931లో. పర్యాటకులను ఆకర్షించే నేటి భారీ ఉత్సవం 1996లో మొదలైంది. స్వదేశంలో అది చాలాకాలం ప్రార్థనలతో సాగిన నిరాడంబరమైన పర్వదినం. రంగులు, మేళతాళాలు వలస వెళ్లినవారు చేర్చినవి.

ఎందుకు చేర్చారన్నది ఐరిష్ చరిత్రలో అత్యంత విషాదకరమైన అధ్యాయం. 1845 నుంచి 1852 వరకు సాగిన బంగాళదుంప కరువులో సుమారు పది లక్షల మంది మరణించారు. మరో పది లక్షల మందికి పైగా ఓడలెక్కారు. 1841లో 80 లక్షలు దాటిన జనాభాను ఆ దీవి నేటికీ తిరిగి అందుకోలేదు. కరువు వెంటాడగా అమెరికా రేవుల్లో దిగిన వారికి స్వాగతం దక్కలేదు. 1844లోనే ఫిలడెల్ఫియాలో ఐరిష్ కేథలిక్కుల చర్చిలను తగులబెట్టారు. 1850 దశకంలో వలసవ్యతిరేకతే జెండాగా ఒక రాజకీయ పక్షం అమెరికాలో ఎన్నికలు గెలిచింది. రోగాలు తెచ్చేవారు, నేరాలు చేసేవారు, తక్కువ కూలికి ఒప్పుకొని స్థానికుల పని లాక్కునేవారు. ఐరిష్ వలసదారుపై నాడు పడిన ముద్రలివి. ఏడాదికొకసారి నడివీధిలో తలెత్తుకొని నడవడం ఆ ముద్రలకు వారిచ్చిన సమాధానం.

ఇక ఆ పాట్రిక్ ఎవరు? ఐదవ శతాబ్దానికి చెందిన ఆ సాధువు ఐర్లాండ్‌లో పుట్టినవాడు కాడు. రోమన్ పాలనలో ఉండిన బ్రిటన్ వాసి. పదహారేళ్ల ప్రాయంలో దోపిడీదారులు అపహరించి ఐర్లాండ్‌కు తెచ్చి బానిసను చేశారు. ఆరేళ్లు మందలు కాశాడు. తప్పించుకొని ఇల్లు చేరి, మతగురువై, తనను చెరబట్టిన దేశానికే తిరిగి వచ్చాడు. ఐరిష్ జాతి తన గుర్తింపుగా ఎంచుకున్న మనిషి ఒక పరదేశి. నేటి వలస నిబంధనలు ఆనాడు ఉండి ఉంటే ఆయన వీసా దరఖాస్తును ఏ కోవలో చేర్చేవారో!

1920, న్యూయార్క్

డి వలేరా సంగతికి వద్దాం. స్వాతంత్ర్య పోరాటానికి మద్దతు కూడగట్టేందుకు ఆయన 1919లో అమెరికా వెళ్లారు. 1920 ఫిబ్రవరి 28న న్యూయార్క్‌లో ప్రవాస భారతీయుల సంస్థ ఏర్పాటు చేసిన సభలో మాట్లాడుతూ భారత్, ఐర్లాండ్‌ల పోరాటం ఒక్కటేనని ప్రకటించారు. మూడు వారాలు తిరగకముందే, మార్చి 17న, న్యూయార్క్ సెయింట్ పాట్రిక్స్ డే ఊరేగింపులో భారతీయులు నడిచారు. తలపాగాలు ధరించిన గదర్ కార్యకర్తలు, చీరలు కట్టిన స్త్రీలు ఐరిష్ జనంతో కలిసి అడుగులు వేశారు. 31 కోట్ల 50 లక్షల భారత ప్రజలు చివరివరకు ఐర్లాండ్ వెంటే ఉంటారన్న అర్థంతో ఫలకాలు పట్టుకున్నారు. ఒక జాతి తన వారసత్వాన్ని కొలిచే పండుగలో మరొక జాతికి వరుసలో చోటిచ్చిన సందర్భమది. మరుసటి నెలలు కూడా ఆ బంధాన్ని చాటాయి. 1920 జూన్‌లో జలంధర్, సోలన్‌లలోని బ్రిటిష్ సైన్యపు కానాట్ రేంజర్స్ దళానికి చెందిన ఐరిష్ సిపాయిలు, తమ దేశంలో సాగుతున్న అణచివేతకు నిరసనగా ఆయుధాలు దించారు. వారిలో జేమ్స్ డాలీని నవంబరు 2న దగ్‌షాయ్ జైలులో కాల్చి చంపారు.

అంతకు ముందే ఒక తెలుగువాడు డబ్లిన్‌లో ఈ పాఠం నేర్చుకున్నారు. బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ చేరారు. యూనివర్సిటీ కాలేజీలో, కింగ్స్ ఇన్స్‌లో చదివారు. ఆయనకు సాహిత్యం బోధించిన థామస్ మెక్‌డొనా 1916 ఈస్టర్ తిరుగుబాటు ప్రకటనపై సంతకం చేసిన ఏడుగురిలో ఒకరు. ఆ నేరానికి బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను కాల్చి చంపింది. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న బాధలపై డబ్లిన్‌లోని భారత విద్యార్థులు కరపత్రం అచ్చువేయడంతో వారిపై నిఘా మొదలైంది. తిరుగుబాటు తరువాత గిరికి దేశం విడిచి వెళ్లాలని ఉత్తర్వు అందింది. న్యాయవాదిగా తిరిగివచ్చిన ఆ యువకుడు రైల్వే కార్మికుల నాయకుడయ్యారు. 1937లో బొబ్బిలి రాజాను ఎన్నికల్లో ఓడించారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఐరిష్ కార్మికోద్యమం తనపై వేసిన ముద్రను ఆయన ఎన్నడూ దాచుకోలేదు. ఢిల్లీ పొలిమేరలో నోయిడాలో ఉన్న జాతీయ కార్మిక అధ్యయన సంస్థ నేడు ఆయన పేరు మోస్తున్నది. అద్దె గదిలో చదువుకోవడానికి వచ్చిన ఒక విద్యార్థి ఆతిథ్య దేశం నుంచి ఏమి తీసుకువెళ్లగలడో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

రాకపోకలు ఒకవైపే సాగలేదు. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి జేమ్స్ కజిన్స్ 1915లో భార్య మార్గరెట్‌తో మద్రాసు చేరి అనీబిసెంట్ పత్రికలో పనిచేశారు. ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ వ్యాసం రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది. హోం రూల్ ఉద్యమం నడిపిన అనీబిసెంట్ కూడా ఐరిష్ రక్తసంబంధం గలవారే కావడం ఇందులోని విచిత్రం. ఆమె ఆయనను మదనపల్లెలోని తన కళాశాలకు పంపారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కళాశాలలో బసచేసి, 28వ తేదీన ‘జనగణమన’కు తానే ఆంగ్ల అనువాదం చేశారు. గీతం బాణీకి స్వరాలు కట్టి కాగితంపై పెట్టింది మార్గరెట్ కజిన్స్. ఐర్లాండ్‌లో స్త్రీల ఓటు హక్కు కోసం జైలుకు వెళ్లిన ఆమె ఇక్కడ అఖిల భారత మహిళా సదస్సు స్థాపకులలో ఒకరయ్యారు. జేమ్స్ కజిన్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూశారు. చిత్తూరు సీమ మట్టిలో కలిసిన ఆ ఐరిష్ కవిని ఎవరూ తిరిగి వెళ్లిపొమ్మని అనలేదు.

ఈ కథను ఇక్కడే ఆపితే అర్ధసత్యమవుతుంది. జలియన్‌వాలాబాగ్ మారణకాండను సమర్థించిన పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైఖేల్ ఓడ్వయర్ ఐర్లాండ్‌లోని టిపరరీ జిల్లావాడు. టిప్పు సుల్తాన్‌పై యుద్ధంలో పాల్గొన్న ఆర్థర్ వెల్లెస్లీ పుట్టింది డబ్లిన్‌లో. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఐరిష్ సిపాయిలు వేల సంఖ్యలో పనిచేశారు. పీడితులు, పీడకుల చేతిలో ఆయుధమైనవారు, ఇద్దరూ ఆ వారసత్వంలో ఉన్నారు. ఏ జాతి వారసత్వమైనా అంతే. పండుగనాడు మొదటివారిని మాత్రమే తలచుకోవడం అన్ని దేశాల అలవాటు.

మన రాజ్యాంగంలోనూ ఐర్లాండ్ జాడ ఉంది. నాలుగవ భాగంలోని ఆదేశిక సూత్రాలకు 1937 నాటి ఐరిష్ రాజ్యాంగంలోని 45వ అధికరణం ఆదర్శం. రాష్ట్రపతి ఎన్నిక పద్ధతికి, రాజ్యసభకు సభ్యులను నామినేట్ చేసే ఏర్పాటుకు కూడా అక్కడి నుంచే ప్రేరణ.

గత వేసవి

ఇంతటి పూర్వబంధం ఉన్న దేశంలో 2025 జూలై 19న డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయ ఉద్యోగిని గుంపుగా కొట్టి, బట్టలు చింపి, రోడ్డుపై వదిలేశారు. అతనిపై అబద్ధపు ఆరోపణలను సామాజిక మాధ్యమాల్లో ప్రచారం చేశారు. ఆ తరువాత టాక్సీ డ్రైవర్లు, ఐటీ ఉద్యోగులు, వృద్ధులపై కూడా దాడుల వార్తలు వచ్చాయి. ఆగస్టు 1న డబ్లిన్‌లోని భారత రాయబార కార్యాలయం, నిర్మానుష్య ప్రదేశాలకు, ముఖ్యంగా వేళకాని వేళల్లో, వెళ్లవద్దని మన పౌరులకు సూచన జారీ చేసింది. వాటర్‌ఫర్డ్‌లో ఆరేళ్ల బాలికను ఇంటి ముందు ఆడుకుంటుండగా పిల్లల గుంపు కొట్టి, ఇండియాకు వెళ్లిపొమ్మని అరిచింది. ఆ పాప తల్లి నర్సు. అప్పటి అధ్యక్షుడు మైఖేల్ డి. హిగిన్స్ ఆగస్టు 12న ఈ దాడులను తీవ్రంగా ఖండించి, వైద్యం, నర్సింగ్, సంరక్షణ రంగాలలో భారతీయుల సేవను గుర్తుచేశారు. అయినా ఆ నెలలో డబ్లిన్‌లో జరగవలసిన ఇండియా డే వేడుకను నిర్వాహకులు వాయిదా వేసుకోవలసి వచ్చింది.

ఆలోచించవలసింది ఈ చివరి విషయాన్నే. వలసదారులు తమ వారసత్వాన్ని నడివీధిలో చాటుకునే హక్కు నుంచే సెయింట్ పాట్రిక్స్ డే నేటి రూపం పుట్టింది. అదే హక్కును భారతీయ వలసదారులు ఐర్లాండ్ రాజధానిలో భయంతో వదులుకున్నారు. ఐరిష్ పాలకులు దాడులను ఖండించినంత స్పష్టంగా ఈ విపర్యాసాన్ని కూడా గుర్తించాలి. పండుగ రోజుల్లో ఐరిష్ మంత్రులు ప్రపంచంలోని పలు రాజధానులకు వెళ్తారు. అమెరికా అధ్యక్షునికి షామ్‌రాక్ గిన్నె సమర్పిస్తారు. తమ మూలాలు ఐర్లాండ్‌లో ఉన్నాయని చెప్పుకునే మూడు కోట్లకు పైగా అమెరికన్లను తలచుకుంటారు. ఆ తలపులో డబ్లిన్ బస్సుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవారికి ఎంత చోటుందన్నది ప్రశ్న. 2022 జనగణన ప్రకారం ఐర్లాండ్‌లో నివసిస్తున్న భారత పౌరులు 45,449 మంది. యాభై లక్షలు దాటిన జనాభాలో ఇది ఒక శాతం కన్నా తక్కువ. ఇళ్ల కొరత, అద్దెల పెరుగుదల అక్కడ నిజమైన సమస్యలే. వాటికి కారణం నర్సుగా పనిచేస్తున్న మలయాళీ స్త్రీ కాదు, రాత్రి పాళీ ముగించుకొని నడిచి వస్తున్న తెలుగు విద్యార్థీ కాదు. 1850లో బోస్టన్ వాసి ఐరిష్ కూలీపై వేసిన నిందనే నేడు కొందరు ఐరిష్ యువకులు మరొకరిపై వేస్తున్నారు.

ఆ దేశానికి మరొక ముఖం కూడా ఉంది. టాలాలో గాయపడిన వ్యక్తిని ఆదుకుని, జరిగినది లోకానికి చెప్పింది ఒక ఐరిష్ స్త్రీయే. ముంబయి నుంచి వెళ్లిన వైద్యుని కుమారుడు లియో వరాద్కర్ 2017లో ఆ దేశ ప్రధాని అయ్యారు. 2024 వరకు రెండు విడతలు ఆ పదవిలో ఉన్నారు. దాడులు మొత్తం ఐరిష్ సమాజపు స్వభావమని చెప్పడం తప్పు. ఆ స్వభావానికి అవి సంబంధం లేనివని చెప్పడమూ తప్పే.

మన వాకిలి

డబ్లిన్‌ను ప్రశ్నించే ముందు ఢిల్లీని కూడా ప్రశ్నించాలి. 2014 జనవరిలో లాజ్‌పత్ నగర్‌లో జుట్టు రంగుపై ఎగతాళితో మొదలైన గొడవలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి ఒకరు దెబ్బలు తిని మరణించారు. కేంద్రం బెజ్‌బరువా కమిటీని నియమించింది. ఈశాన్య రాష్ట్రాలవారిపై జాతివివక్షను అరికట్టేందుకు చట్ట సవరణలు చేయాలని ఆ కమిటీ అదే ఏడాది సిఫారసు చేసింది. ప్రత్యేక పోలీసు విభాగం ఏర్పడింది. శిక్షాస్మృతిలో కోరిన మార్పులు మాత్రం నేటికీ ఎదురుచూపులలోనే ఉన్నాయి. కటవారియా సరాయ్‌కు కూతవేటు దూరంలోని మునిర్కాలో ఈశాన్య విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉంటారు. గది అడిగితే ముఖం చూసి అద్దె పెంచుతారన్నది వారి పాత ఫిర్యాదు.

ఈ రచయితకు కూడా ఇరవై ఏళ్ల కిందట ఇటువంటి వీధిలోనే ఒక ఇంటి యజమాని ‘మద్రాసీలకు ఇవ్వం, పులుసు వాసన’ అని తలుపు వేశాడు. మూడవ ఇంట్లో ఒక హర్యానా ముసలమ్మ అడ్వాన్సు కూడా అడగకుండా తాళంచెవి ఇచ్చింది. నాటి నుంచి ఆ వీధిలో ఏ ఉగాదికైనా మొదటి గిన్నె పచ్చడి ఆమెకే. చేదు తగలగానే ఆమె తిట్టేది, అయినా తినేది. ఢిల్లీలో ఉగాదికి వేపపువ్వు దొరకదు. ఇక్కడి వేప మార్చిలో ఆకు రాల్చుతూ ఉంటుంది, పూతకు ఇంకా సమయం ఉంటుంది. ఇంటి నుంచి పొట్లం కట్టి పంపిన ఎండుపువ్వో, ఐఎన్ఏ మార్కెట్‌లో దొరికినదో వాడుకోవాలి. పరాయి ఊరిలో పండుగ చేసుకునేవారికి ఇటువంటి సర్దుబాట్లు తప్పవు. న్యూయార్క్‌లోని ఐరిష్ వారు తమ పండుగను మార్చుకున్నదీ ఇలాగే.

హైదరాబాద్ సంగతి కూడా చెప్పుకోవాలి. అక్కడి ఆకాశహర్మ్యాలను కడుతున్నది బీహార్, ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్ కూలీలు. నగరం చుట్టూ ఇటుక బట్టీలలో పనిచేసేవారిలో ఒడిశా కుటుంబాలు అనేకం. 2020 లాక్‌డౌన్‌లో వారు జాతీయ రహదారి పట్టి నడిచిపోయినప్పుడు మనం వారిని మొదటిసారి లెక్కలోకి తీసుకున్నాం. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఏటా ఛఠ్ పూజలో వారు సూర్యునికి అర్ఘ్యం ఇస్తున్నారు. ఆ రోజున ట్రాఫిక్ మళ్లింపు గురించి విసుక్కోవడం తప్ప, ఆ పండుగ పేరును సరిగా పలికే ప్రయత్నం తెలుగువారిలో ఎందరు చేశారు? ఉగాదిని టెక్సాస్‌లోను, డబ్లిన్‌లోను ఘనంగా జరుపుకుంటున్నామని గర్వించే మనకు ఈ ప్రశ్న కొంచెం చేదుగానే ఉంటుంది.

గత వారం కటవారియా సరాయ్‌లో ఒక టీ కొట్టు వద్ద, సెప్టెంబరులో డబ్లిన్‌లో ఎంటెక్ స్థాయి కోర్సులో చేరబోతున్న ఖమ్మం యువకుడు కలిశాడు. చదువు ముగిశాక రెండేళ్ల వరకు ఉండి ఉద్యోగం వెతుక్కునే వీలు ఉండటమే ఆ దేశాన్ని ఎంచుకోవడానికి కారణమని చెప్పాడు. తండ్రి భయపడుతున్నాడట. వి.వి. గిరి అక్కడ చదివారని చెబితే ఆశ్చర్యపోయాడు. తరువాత కాలేజీకి దగ్గరగా, రాత్రి పదిన్నరకు కూడా బస్సు నడిచే ప్రాంతం ఏదో తెలిసినవారు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఉన్నారని ఒకరి నంబరు ఇచ్చాను. గురువారం ఉదయం తమ గదిలో పచ్చడి చేస్తున్నామని, వేపపువ్వు ఖమ్మం నుంచి వచ్చిందని చెప్పి, తరగతికి వేళైందంటూ వెళ్లిపోయాడు.